తాళి ఒకటి, తాళాలు రెండు

జంషెడ్‌పూర్ సీతారామ్‌డేరాలో ఆయన సీ షిఫ్టు దిగి ఇంటికొచ్చాడు. ఆవిడ టీ ఇచ్చింది.

రెండు ఫోన్లూ మంచమ్మీద బోర్లా పడుకున్నాయి.

ఫేస్‌బుక్‌లో పెళ్లిరోజు ఫొటో: ‘మా మధ్య దాపరికాల్లేవు’. లైకులే లైకులు.

2023లో వాట్సాప్ చాట్‌లకు తాళం ఇచ్చింది. ఆయన తాళానికి ఆయన వేలిముద్ర, ఆవిడ తాళానికి ఆవిడది.

భార్యాభర్తలు రహస్యంగా రికార్డు చేసుకున్న మాటలు విడాకుల కేసులో సాక్ష్యమేనని 2025 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ రోజునుంచి ఇంట్లో ఒకటే మర్యాద.

‘‘ఏవండీ, కూరలో ఉప్పు సరిపోయిందాండీ?’’

‘‘అమృతంలా ఉందండీ!’’

కూరలో అసలు ఉప్పే లేదు.

గోడవతల పిన్నిగారు మాత్రం మురిసిపోతోంది: ‘‘ఎంత అన్యోన్యమో! దిష్టి తీయించుకోండమ్మా!’’