పెరటి నుయ్యి ఆత్మకథ

నేను రాజమహేంద్రవరంలో ఒక పాత ఇంటి పెరటి నుయ్యిని. లోతు 30 అడుగులు. 1950ల్లో ఈ ఇంటి పెద్దాయన పునాది తీయకముందే నన్ను తవ్వించారు. ముందు నీళ్ళు పడాలి, ఆ తర్వాతే ఇల్లు అన్నది ఆయన పట్టుదల. ఈ గోడలన్నీ నా నీళ్ళతో లేచినవే. ఇటుక కట్టుబడి, రాతి గట్టు, ఇనప గిలక, పక్కన చప్టా. నా ఒంటి గురించి చెప్పడానికి అంతకన్నా ఏమీ లేదు. నా కథంతా నా చుట్టూ ఉన్న నేలతో ముడిపడింది.

పెరడు రెండు సెంట్లు, అంటే దాదాపు 97 గజాలు. తెల్లవారకముందే ఈ ఇంటి మామ్మగారు వచ్చి చేద వేసేవారు. చప్టా మీద అంట్లు తోమిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు చిన్న కాలవ వెంట చక్కెరకేళి అరటి మొదళ్ళకు చేరేవి. అరటి నీడన కంద, దడి మీద దొండపాదు, పందిరి మీద ఆనప, పొట్ల. పొట్లకాయ వంకర తిరగకుండా దాని కొసకు ఆవిడ చిన్న రాయి కట్టేవారు. కూరగాయల తొక్కలన్నీ మూలనున్న పెంటకుప్పలోకి పోయేవి. వాన పడితే నీళ్ళు ఎక్కడికీ పారిపోయేవి కావు, మెత్తటి నేలలో ఇంకి నా ఊటలోకి వచ్చేవి. నేను తోటకిచ్చేదాన్ని, తోట మట్టి నాకిచ్చేది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎన్నో ఏళ్ళు సాగింది.

1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది. కుళాయిల్లో బురదనీళ్ళు వస్తుంటే వీధివీధంతా బిందెలతో నా గట్టు దగ్గరే నిలబడింది. ఎవరినీ ఖాళీ బిందెతో పంపలేదు. నా జీవితంలో నాకు గర్వకారణం ఆ రోజులే.

ఆ తర్వాత మనుషులు నన్ను మరిచిపోవడం మొదలైంది. బోరు వేశారు. మీట నొక్కితే నీళ్ళు మేడ మీదికి ఎక్కుతుంటే, చేద లాగే ఓపిక ఎవరికి ఉంటుంది? పెద్దాయన కాలం చేశారు. కొడుకులు ఉద్యోగాలకు వెళ్ళారు. ఇంటికి వచ్చినవాళ్ళకు బురద అంటుకుంటోందని, ఆకులు ఊడ్చలేకపోతున్నామని పెరడంతా గచ్చు చేయించారు. పందిరి పీకారు, అరటి నరికారు. నా గిలకను పాతసామాన్లవాడికి తూకానికి అమ్మేశారు. ఆ ఏడాది కురిసిన వాన గచ్చు మీంచి జారి వీధి కాలవలోకి పోయింది. పక్కనే ఉండి ఆ చప్పుడు విన్నాను. ఒక్క చుక్క నాలోకి రాలేదు.

అక్కడితో ఆగలేదు. వాడిన పూలదండలు, పగిలిన దేవుడి పటాలు, ప్లాస్టిక్ కవర్లు, మరమ్మతుల్లో రాలిన సిమెంటు పెళ్ళలు అన్నీ నాలోనే పడ్డాయి. పారేసే చోటు తెలియని ప్రతి వస్తువుకూ నేనే చోటయ్యాను. దాహం తీర్చిన నోటిలో చెత్త పోయడానికి ఒక్కరి చెయ్యీ వెనకాడలేదు. ఆ బాధ ఇప్పటికీ నాలో ఉంది. చివరికి మట్టి తోలించి పూడ్చేద్దామని బేరం కూడా ఆడారు. అప్పటికి మంచంలో ఉన్న మామ్మగారు, “నుయ్యి పూడ్చకూడదురా నాయనా, ఇంటికి మంచిది కాదు” అని అడ్డుపడ్డారు. ఆవిడ మాట కాదనలేక నా నోటి మీద సిమెంటు పలక వేశారు. తర్వాత ఆవిడా వెళ్ళిపోయారు. పలక కింది చీకట్లో నాకు పగలు, రాత్రి తేడా తెలియలేదు.

2020లో కరోనా వచ్చి ఆఫీసులు ఇళ్ళకు మారినప్పుడు మామ్మగారి మనవరాలు హైదరాబాదు నుంచి తిరిగివచ్చింది. అక్కడ మిద్దెతోటలు చూసిన పిల్ల. మా ఊరి పక్కనే కడియం నర్సరీలు. ఇంకేముంది, గచ్చు మీద కుండీలు బారులు తీరాయి. వేసవిలో బోరు అడుగంటింది. కుండీలు ఎండుతుంటే నాన్నను అడిగింది: “నాన్నా, మామ్మ చెప్పే నుయ్యి ఏదీ?”

పలక తొలగించారు. లోపలికి దీపం దించితే సగంలోనే ఆరిపోయింది. మూతపడిన నూతుల్లో చెడుగాలి నిలిచి ఉంటుంది, అది మనిషి ప్రాణం తీస్తుంది. పూడిక తీసే పెద్దమేస్త్రీ ఎవరినీ దిగనివ్వలేదు. లోపలికి బాగా గాలి కొట్టించాకే, నడుముకు తాడు కట్టి మనుషులను దించాడు. చెత్త పైకి పోయింది. ఊట మళ్ళీ కదిలింది.

ఆ అమ్మాయి అంతటితో సరిపెట్టుకోలేదు. గచ్చు పగలగొట్టించింది. కింద మట్టి రాయిలా బిగిసి ఉంది. వానపాము జాడ లేదు. అందులో జనుము చల్లి, పూత మొదలవగానే పారతో మట్టిలో తిరగేసింది. పశువుల ఎరువు కలిపింది. ఇరువైపుల నుంచీ చెయ్యి అందేలా నాలుగడుగుల వెడల్పున మళ్ళు కట్టి, మధ్య నేల మీద ఎండుటాకులు పరిచింది. తోటకూర నెలలోపే కోతకు వచ్చింది. గోంగూర, బచ్చలి, వంగ దాని వెనకే వచ్చాయి. ఒక మూల మునగ, ఇంకో మూల మళ్ళీ చక్కెరకేళి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ కోళ్ళను నాలుగింటిని పెంచుతోంది. అవి ఆకుకూర మళ్ళను పాడుచేయకుండా దడి కట్టింది. కోళ్ళ పచ్చి ఎరువు వేళ్ళను మాడుస్తుంది కాబట్టి ఆకులతో కలిపి బాగా మాగాకే మొక్కలకు వేస్తోంది.

అన్నిటికన్నా నాకు తృప్తినిచ్చింది మేడ మీది వాన. చదరపు మీటరు మేడ మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఆ లెక్కన వెయ్యి చదరపు అడుగుల మేడ మీద ఒక సెంటీమీటరు వానకు దాదాపు 930 లీటర్లు. మొదటి వాన మేడను కడుగుతుంది, ఆ నీళ్ళను అమ్మాయి బయటికి వదిలేస్తుంది. తర్వాతి నీళ్ళు గులకరాళ్ళు, బొగ్గు, ఇసుక దాటుకుని నాలో దిగుతాయి. పిల్లలు పడకుండా, దోమలు చేరకుండా నా నోటికి గట్టి ఇనప చట్రం, సన్న వల బిగించారు. తాగడానికి నా నీళ్ళు వాడటం లేదు. తోటకు, కోళ్ళ గూడు కడగడానికి మాత్రం అవే.

ఇంట్లో తోట వేయాలనుకునేవారికి నాదొక విన్నపం. మొక్కలు కొనేముందు వాటికి వేసవిలో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో చూసుకోండి. నేలనంతా గచ్చుతో మూసేయకండి, వాన ఇంకడానికి చోటు వదలండి. పాత నుయ్యి ఉంటే పూడ్చకండి, దాన్ని చెత్తకుండీ చేయకండి. ముందు వాననీళ్ళు మాలోకి దించండి. మీ వంగ, మీ అరటి వేసవిలో ఎండకుండా మేము చూసుకుంటాం.