నా మూగనోము

లైటు వెలుగుతోంది. పాట పేరు అద్దం మీద పాకుతోంది. సెకన్లు లెక్క తప్పకుండా నడుస్తున్నాయి. చప్పుడు మాత్రం లేదు. శాలిబండ గడియారం దాటి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగామో లేదో, నా నోరు పడిపోయింది. అన్న అరచేత్తో నా నెత్తిన ఒకటి వేశాడు. పలకలేదు. వాల్యూమ్ 40 దాకా తిప్పాడు. ఊహూఁ.

నేను కారు స్టీరియోని. 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. ఏ కంపెనీ సెట్టయినా ఏ కారు గూట్లోనైనా ఇమడాలని జర్మనీవాళ్లు పెట్టిన కొలత అది. మా వంశంలో బాగా పేరు తెచ్చుకున్న పెద్దమనిషి 1930లో అమెరికాలో వచ్చిన మోటరోలా. మోటారుకు ‘ఓలా’ తగిలించి పెట్టిన పేరది. నా సంగతి అంత గొప్పదేం కాదు. జుమేరాత్ బజార్‌లో గోనెపట్టా మీద, పాత మిక్సీకీ తాళంచెవుల గుత్తికీ మధ్య దొరికాను. అన్న పత్తర్‌గట్టిలో బట్టల కొట్టు గుమాస్తా, ఉండేది లాల్ దర్వాజా. బేరమాడి, నన్ను తెచ్చి తన మారుతీ 800లో కూర్చోబెట్టాడు.

నా మూతి మీద ‘50 వాట్స్ × 4’ అని ఉంటుంది. నమ్మకండి. కారు కరెంటు 14 వోల్టుల చుట్టుపక్కలే ఉంటుంది. దాంతో నాలుగు ఓముల స్పీకరుకు నేను శుభ్రంగా ఇవ్వగలిగింది ఇరవై వాట్లు. ఆ 50 గొంతు చించుకుని అరిచినప్పటి లెక్క, పాడినప్పటిది కాదు. మా జాతి మొత్తం చెప్పే అబద్ధమిది. వయసైపోయింది కాబట్టి ఒప్పుకుంటున్నా.

నోరు పడిపోయింది మా పేట బోనాలకు వారం ముందు. గోల్కొండ అయిపోయింది, సికింద్రాబాద్ అయిపోయింది, ఇక మిగిలింది మా లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారే. ఆడబిడ్డలను కారులో తీసుకురావాలి. పాటల్లేని కారులోనా? అన్న ఆ సాయంత్రమే ఒక షాపుకు తీసుకెళ్లాడు. పేరు చెప్పను.

అక్కడి కుర్రాడు నన్ను గూట్లోంచి లాగి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీసుకుని ఒక్కో స్పీకరు వైర్లకు తాకించాడు. నాలుగూ ‘టక్’ ‘టక్’మన్నాయి. “స్పీకర్లు మంచిగనే ఉన్నయ్. సెట్టుల ఐసీ పోయింది. కొత్తది ఏసుకో అన్నా, మూడున్నర వేలు.” నాకు ఒళ్లు మండింది. బతికుండగానే చావు కబురు చెబుతున్నారు, కాదనడానికి నోరేది?

నా లోపల ఏం జరిగిందో నాకు తెలుసు. పసుపు వైరు తెగితే గడియారం, స్టేషన్లూ మరిచిపోయేదాన్ని. ఎర్ర వైరు తెగితే లైటే వెలిగేది కాదు. ఆ రెండూ భేషుగ్గా ఉన్నాయని నా ముఖమే చెబుతోంది. సంగతి మరోచోట ఉంది. పాతకాలపు కారు రేడియోలు చాలావాటికి స్పీకరు మైనస్‌ను కారు బాడీకి తగిలించినా నడిచిపోయేది. మాకు అలా కుదరదు. మా స్పీకరు వైర్లు రెండింట్లోనూ ఆరేడు వోల్టులు ఉంటాయి, రెండిట్లో ఏది బాడీకి తగిలినా షార్టే. అప్పుడు ఐసీ కాలిపోకుండా నేనే నాలుగు నోళ్లూ మూసేసుకుంటాను. దాన్నే మెకానిక్కులు ‘ప్రొటెక్ట్‌లకు పోయింది’ అంటారు. నాది చావు కాదు, మూగనోము.

ఆ కుర్రాడి బ్యాటరీ పరీక్ష తప్పేం కాదు. స్పీకరు బతికుందో లేదో అది చెబుతుంది. వైరు బాడీకి తగులుతోందో లేదో మాత్రం చెప్పదు. ఆ తేడా విలువే మూడున్నర వేలు.

మర్నాడు అన్న మొగల్‌పురా గల్లీలో ఒక ముసలి ఉస్తాద్ దగ్గర ఆగాడు. బోర్డు లేదు. చెక్క బల్ల, టంకం పెట్టే కావియా, ముఖం పగిలిన మీటరు. ఆయన నన్ను ముట్టుకోలేదు. ముందు అన్నను అడిగాడు.

“కబ్ సే బంద్ హై మియా?”

“నిన్న స్పీడ్ బ్రేకర్ కాడ, భాయ్.”

“ఉస్ కే పహ్లే?”

“నెల దినాల సంది అప్పుడప్పుడు ఆగేది. ఎడమ దిక్కు డోరు తీసి ఏస్తె మళ్ల ఒచ్చేది.”

“హౌ. తో సెట్ నై మరా.”

సెట్టు చావలేదన్నాడు. నన్ను చూడకుండానే నాడి పట్టాడు!

ఆ తర్వాత నా వెనక స్పీకర్ల ప్లగ్గు పీకేసి, మీటరు నల్లముల్లు బాడీ ఇనుముకు ఆనించి, ఎర్రముల్లు ఒక్కో స్పీకరు వైరుకు పెట్టుకుంటూ పోయాడు. బూడిద రంగు జత: నిశ్శబ్దం. ఆకుపచ్చ: నిశ్శబ్దం. ఊదా: నిశ్శబ్దం. తెల్ల జత దగ్గరికొచ్చేసరికి మీటరు ‘కుయ్’మంది, అంటే ఆ వైరు బాడీకి తగులుతోంది. తెలుపంటే ముందు ఎడమ స్పీకరు. ఉస్తాద్ ఏమీ మాట్లాడకుండా వెళ్లి ఎడమ డోరు తెరిచి, కీలు పక్కన టార్చి కొట్టాడు.

అదిగో, అక్కడుంది. డోర్లకు స్పీకర్లు తర్వాత పెట్టించినవి. పెట్టినవాడెవరో రేకుకు డ్రిల్లుతో కన్నం కొట్టి, వైరును అలాగే దూర్చేశాడు. కన్నానికి రబ్బరు గ్రోమెట్ వేయలేదు. డోరు తీసిన ప్రతిసారీ, వేసిన ప్రతిసారీ రేకు అంచు వైరును కోసింది. తొడుగు చిరిగి, లోపలి రాగి పచ్చబారి, చివరికి స్పీడ్ బ్రేకర్ కుదుపుకు రేకును కరుచుకుని ఉండిపోయింది.

ఉస్తాద్ ఆ జానెడు ముక్క కోసేసి, కొత్త వైరు అతికించి, కావియాతో టంకం పెట్టి, టేపు చుట్టాడు. గ్రోమెట్ చేతిలో లేదు. సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి కన్నానికి కాలరులా తొడిగాడు. మళ్లీ మీటరు పెట్టాడు. ఈసారి కూయలేదు. డోరు పదిసార్లు దబ్‌దబ్‌మని వేసి చూశాడు. అయినా కూయలేదు.

ప్లగ్గు పెట్టి తాళం తిప్పాడు. వాల్యూమ్ 40 దగ్గరే ఉందన్న సంగతి అందరూ మరిచిపోయారు, నేను తప్ప. వివిధ్ భారతి 102.8 మీద ఏదో సబ్బు ప్రకటన గల్లీ మొత్తానికి వినిపించింది. ఎదుటి ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు. ఉస్తాద్ చెవులు మూసుకుని, నవ్వుతూనే తిట్టాడు. మొత్తం ఖర్చు నూట యాభై రూపాయలు.

మీ కారులో సెట్టు ఉన్నట్టుండి మూగబోయి, లైటు మాత్రం వెలుగుతుంటే ముందు మ్యూట్ చూడండి. తర్వాత డోరు కీళ్ల దగ్గర వైర్లు చూడండి. నన్ను ఆ తర్వాతే విప్పండి. వాల్యూమ్ మాత్రం తగ్గించి పెట్టండి.