నకలు కారుకు అత్తగారి తీర్పు

అమెరికాలో ఏ కార్ల ప్రదర్శనకు వెళ్లినా నీలం ఒంటి మీద తెల్ల చారలున్న షెల్బీ కోబ్రా ఒకటైనా కనిపిస్తుంది. యజమాని మెత్తటి గుడ్డతో బానెట్ తుడుచుకుంటూ ఉంటాడు. చూడవచ్చిన పెద్దమనిషి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు. ఇంజన్ సంగతి అడగడు, బ్రేకుల సంగతి అడగడు. "అసలుదేనా?" అంటాడు. కాదని తెలిసే అడుగుతాడు. అరవైలలో తయారైన కోబ్రాలు మొత్తం కలిపి వెయ్యికి అటూ ఇటూ. ఇప్పుడు తిరుగుతున్నవి దానికి ఎన్నో రెట్లు. ఈ లెక్క తెలిసినవాడికి జవాబూ తెలిసే ఉంటుంది. అయినా ఆ జవాబును యజమాని నోటితోనే వినాలి, విన్నాక పెదవి విరవాలి. లేకపోతే వచ్చిన పని పూర్తయినట్టు కాదు.

ఈ ఒక్క ప్రశ్నకు జడిసి పాత రేసు కారు నకలు కొనడం మానుకున్నవాళ్లున్నారు. కొని, అసలుదేనని బుకాయించేవాళ్లూ ఉన్నారు. కొనాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నవాడు ముందుగా ఆ ప్రశ్న అడిగేవాళ్ల ఇంటి సంగతి విచారించుకోవడం మంచిది.

కోబ్రా జాతకంతోనే మొదలుపెట్టవచ్చు. 1953లో ఇంగ్లండులోని ఏసీ కంపెనీ ఏస్ అనే చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చింది. దాన్ని చూసినవాళ్లకు ఫెరారీ 166 బార్కెట్టా గుర్తుకు రావడంలో వింతేమీ లేదు, పోలిక అంత దగ్గరిది. గుండెజబ్బు వల్ల రేసులకు స్వస్తి చెప్పిన టెక్సస్ డ్రైవరు కారల్ షెల్బీ 1962లో ఆ ఏస్‌ను తెప్పించి అందులో ఫోర్డు వి8 ఇంజన్ దించాడు. ఇటలీ ముఖం, ఇంగ్లండు ఒళ్లు, అమెరికా గుండె. అసలు కోబ్రా అంటే అదీ.

మొదట్లో షెల్బీ చేతిలో ఉన్నది ఒక్కటే కారు. పత్రికలవాళ్లు నడిపి చూస్తామని వరస కట్టారు. ఆయన ఆ ఒక్క కారుకే ప్రతిసారీ కొత్త రంగు పూయించి పంపాడు. ఫ్యాక్టరీలో కార్లు బారులు తీరి ఉన్నాయని చదివినవాళ్లు నమ్మారు. సీఎస్‌ఎక్స్ 2000 నంబరున్న ఆ కారే 2016లో మాంటెరే వేలంలో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. ఇన్ని వేషాలు కట్టిన కారు అసలైంది. ఒక్క వేషంతో సరిపెట్టుకున్న నకలు మాత్రం మోసగత్తె.

కథ అక్కడితో ఆగలేదు. ఎనభైల చివరికి పాత కోబ్రాల ధరలు ఆకాశానికి ఎగబాకాయి. అప్పుడు షెల్బీకి అరవైలలో వాడకుండా మిగిలిపోయిన చాసిస్ నంబర్లు గుర్తొచ్చాయి. ఆనాటి చాసిస్‌లు మిగిలాయనీ, వాటినే ఇప్పుడు పూర్తిచేస్తున్నాననీ చెప్పి, 1965 నాటి బండ్లుగా నలభైకి పైగా కార్లకు కాలిఫోర్నియా రవాణా శాఖ నుంచి కాగితాలు పుట్టించాడు. ఆ చాసిస్‌లు తొంభైలలో కొత్తగా అతికించినవేనని 1993లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. అంటే కోబ్రాను సృష్టించిన చెయ్యే కోబ్రాకు దొంగ జన్మపత్రం రాసింది. తరవాత ఆ పెద్దమనిషే, తన కారు రూపాన్ని దొంగిలిస్తున్నారంటూ నకలు తయారీదార్ల మీద కోర్టుకెక్కాడు.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ సామెత ఇంగ్లండు కార్ల కంపెనీలకు తెలియదు కానీ, ఆచరణలో మాత్రం తు.చ. తప్పవు.

జాగ్వార్ సంగతి చూడండి. 1957 ఫిబ్రవరిలో బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో మంటలు రేగి తొమ్మిది ఎక్స్‌కేఎస్‌ఎస్ కార్లు బూడిదయ్యాయి. దాదాపు అరవై ఏళ్ల తరవాత కంపెనీకి ఆ తొమ్మిది మీద దుఃఖం పొంగుకొచ్చింది. మళ్లీ తొమ్మిది చేసి, ఒక్కొక్కటి పది లక్షల పౌండ్లకు పైనే అమ్మింది. అంతకుముందు 2014లో తేలికపాటి ఈ-టైప్‌ల లెక్క తీసింది. 1963లో 18 అనుకున్నారు, 12 చేశారు, ఇంకా ఆరు బాకీ. ఆ బాకీ తీర్చింది. 2018లో డీ-టైప్‌కు వచ్చింది. అప్పుడు 100 అనుకుని 75తో ఆపారు కనుక ఇంకో 25. వాయిదా పడ్డ పనులను ఇంత శ్రద్ధగా పూర్తిచేసే సంస్థ ప్రపంచంలో మరొకటి ఉండదు, ఒక్కో వాయిదా విలువ పది లక్షల పౌండ్లయితే.

ఇదే కంపెనీ స్వీడన్‌లో సీ-టైప్ నకళ్లు చేసుకుంటున్న ఒక జంటను, ఆ రూపం మీద హక్కు తనదేనంటూ కోర్టుకు ఈడ్చింది. 2021 మొదట్లో సీ-టైప్‌లను తానే మళ్లీ తయారు చేస్తున్నట్టు ప్రకటించింది. 1951లోనూ 1953లోనూ లె మాన్స్ రేసు గెలిచిన కారు అది. గెలిపించిన మేస్త్రీలు గానీ, డ్రైవర్లు గానీ ఈ కొత్త కార్లను ముట్టుకున్న పాపాన పోలేదు. కొత్త అల్యూమినియం, కొత్త కార్మికులు, కంప్యూటర్‌లో గీసిన కొలతలు. నకలుకు ఇంతకన్నా ఏం కావాలి? కంపెనీ గేటు లోపల తయారైంది కాబట్టి అది నకలు కాదట.

ఆస్టన్ మార్టిన్ 2017లో 25 డీబీ4 జీటీలు మళ్లీ చేసింది. ఒక్కోటి 15 లక్షల పౌండ్లు, పన్నులు వేరే. ఇంత పోసి కొన్నవాడు దాన్ని రోడ్డెక్కించడానికి లేదు, ట్రాక్ మీద తిప్పుకోవాల్సిందే. బెంట్లీ ఇంకాస్త ముందుకు వెళ్లింది. 1929 నాటి తన సొంత బ్లోవర్ రేసు కారును నట్టు నట్టూ విప్పి, లేజర్‌తో కొలిచి, పన్నెండు కొత్తవి కట్టింది. లె మాన్స్‌లో ఒక్కసారీ గెలవని కారు అది. గెలిచిన బెంట్లీలు వేరే ఉన్నాయి. వాటిలో ఒకదాని కథ వింటే "అసలుదేనా?" అన్న ప్రశ్న అడగడానికి నోరు రాదు.

ఓల్డ్ నంబర్ వన్ అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929లోనూ 1930లోనూ లె మాన్స్ గెలిచింది. తరవాత బ్రూక్‌లాండ్స్ రేసుల కోసం దాన్ని మార్చారు. 1932లో అక్కడే ప్రమాదంలో అది డ్రైవరు క్లైవ్ డన్‌ఫీ ప్రాణం తీసింది. దాన్ని మళ్లీ కట్టి, పైకప్పున్న వేరే బాడీ తొడిగారు. చాలా ఏళ్లకు దానికి కోటి పౌండ్ల బేరం కుదిరింది. కొన్నవాడు, ఇందులో ఆనాటి ముక్క ఎక్కడుందని అడ్డం తిరిగాడు. 1990లో లండన్ హైకోర్టు అన్నీ విని, లె మాన్స్‌లో పరిగెత్తిన ఇనుము ఇందులో దాదాపు లేదని ఒప్పుకుంటూనే, బండి చరిత్ర ఎక్కడా తెగలేదు కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని తేల్చింది. తీర్పులో తప్పు పట్టడానికి లేదు. కానీ ఆనాటి ఇనుము పోయినా అసలుతనం పోదంటే, కోటి పౌండ్లు పలికింది ఇనుము కాదు, కాగితం.

చారిత్రక కార్ల రేసులకు అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ ఒక పాస్‌పోర్టు ఇస్తుంది. కారు ఆనాటి కొలతలకు, ఆనాటి సాంకేతిక వివరాలకు సరిపోతే చాలు. అది అసలుదని హామీ ఇచ్చే పత్రం కాదని సమాఖ్యే చెప్పుకుంటుంది. పెదవి విరిచే పెద్దమనిషి టికెట్ కొని చప్పట్లు కొట్టే రేసుల్లో కార్ల ఒంటి మీద ఆనాటి ఇనుము ఎంత ఉందో అడగకపోవడమే మర్యాద. 2019లో వచ్చిన ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ సినిమాలో జీటీ40 రేసు కార్లు దూసుకుపోతుంటే ప్రేక్షకులు సీట్ల అంచుకు జరిగారు. దుమ్ము రేపిన వాటిలో ఎక్కువ నకళ్లే.

ఫెరారీ దారి వేరు. 1962 నుంచి 64 దాకా చేసిన 250 జీటీఓలు మొత్తం 36. 2018లో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2019లో బొలోన్యా కోర్టు ఈ కారు కళాఖండమనీ, దాని రూపాన్ని ఇతరులు వాడరాదనీ చెప్పింది. మరుసటి ఏడాది యూరప్ ట్రేడ్‌మార్క్ కార్యాలయం మాత్రం, వాడకుండా దాచుకున్న గుర్తు మీద హక్కేమిటని ప్రశ్నించి, నిజమైన కార్ల వరకు ఆ హక్కు కొట్టేసింది. బొమ్మకార్ల వరకు ఉంచింది. కళాఖండంగా గెలిచిన కారు మార్కెట్టులో ఆటబొమ్మగా మిగిలింది.

ఇంత చెప్పాక నకలు కొనేవాడు తనను మహాత్ముల జాబితాలో వేశారని మురిసిపోతే కష్టం. ఆయన ఇంట్లోనూ అద్దాలున్నాయి. ముస్టాంగ్ నుంచి ఊడదీసిన ఇరుసు మీద ఫైబర్‌గ్లాస్ తొట్టి బిగించి, షెల్బీ బిళ్ల అంటించి, తలుపు మీద రేసు నంబరు 98 వేయించుకుని, "ఏ సంవత్సరం బండి?" అంటే "అరవై అయిదు" అని గొంతు తగ్గించి చెప్పేవాడు షెల్బీ 1993లో దొరికిపోయిన చోటే నిలబడి ఉన్నాడు. ఇంకో రకంవాడు దీన్ని పెట్టుబడి అంటాడు. అసలు కోబ్రా ధర పెరిగితే తన నకలు ధరా పెరుగుతుందట. అది జరగదు. నకలు పాత కారు ధరను కాదు, తనను కట్టిన చేతి పేరును పట్టుకుని పలుకుతుంది. గ్యారేజీలో తీరిక వేళల్లో ఎవరో బిగించిన కారుకూ, పేరున్న కర్మాగారంలో తయారైన కారుకూ మధ్య తేడా వేల డాలర్లలో కాదు, లక్షల్లోనే ఉండవచ్చు.

అమెరికా చట్టం ఈ విషయంలో పెద్దమనుషులకన్నా మర్యాదస్తురాలు. 2015లో చేసిన చట్టం ప్రకారం చిన్న కంపెనీ ఏటా 325 నకలు కార్ల దాకా చేసి అమ్ముకోవచ్చు. అవి కనీసం పాతికేళ్ల కిందటి కారును పోలి ఉండాలి, ఇంజన్ మాత్రం ఇప్పటి కాలుష్య నిబంధనలకు తగినదై ఉండాలి. అసలు రూపం హక్కుదారు నుంచి అనుమతి కావాలి. నకలును నకలు అని రాసి, లెక్కగట్టి, దాచకుండా అమ్మే పద్ధతి. నియమావళి పూర్తవడానికి 2022 దాకా పట్టిందంటే అక్కడి ఆఫీసులూ మన ఆఫీసుల పోలికే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ మోజు పుట్టినవాడికి మాత్రం దారి ఇరుకు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నంబరు ప్లేటు యాభై ఏళ్లు నిండిన బండికే దక్కుతుంది. 1965 ముఖంతో మొన్న పుట్టిన కారును చూసి ఆర్‌టీఓ ఏ రిజిస్టరు తెరవాలో తెలియక టీ తెప్పించుకుంటాడు.

దారి ఉన్న దేశంలో కొనేవాడు అడగాల్సినవి నాలుగే. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఇంజన్ ఎక్కడిది, రిజిస్ట్రేషన్ కాగితం మీద ఏ సంవత్సరం రాసుంది. కట్టిన ఏడూ కాగితం మీది ఏడూ ఒకటి కాకపోతే ఆ కారు ఎంత ముద్దుగా ఉన్నా లేచి రావడం మంచిది. రెండూ కలిస్తే నడిపి చూడవచ్చు. నడపడానికి వెళ్లేటప్పుడు పొడుగు ప్యాంటు తప్పనిసరి. కోబ్రా పొగ గొట్టాలు తలుపు కింద పక్కనే పోతాయి. దిగేటప్పుడు పిక్క తగిలితే చురుక్కుమని బొబ్బ లేస్తుంది. కోబ్రా యజమానులు దాన్ని పాముకాటు అంటారు. కోటి డాలర్ల కారైనా, గ్యారేజీలో బిగించిన కారైనా, ఆ కాటులో తేడా ఏమీ ఉండదు.