పాడవని ట్యాబుకి పాడె

పాలకొల్లు వాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, వస్తువు పాడైతే తప్ప పారెయ్యరు. మామ్మగారి కుట్టుమిషను మనవరాలి చేతికొచ్చినా నూనెచుక్క వేసి తొక్కుతూనే ఉంటారు. ఫ్యాను నెమ్మదిస్తే కండెన్సరు మార్చి తిప్పుకుంటారు. నిక్షేపంలా ఉన్న వస్తువుని చెత్తలో పడేసే నాగరికత మనకింకా అబ్బలేదు. అది నేర్పడానికే ట్యాబు కంపెనీలు అవతరించాయి.

బజారులో ఏ సెల్లు రిపేరు కొట్టు ముందైనా కాసేపు నిలబడండి, పాఠం చెవిన పడుతుంది. ఒకాయన పాత ట్యాబు తెచ్చి బల్ల మీద పెడతాడు. అద్దం మీద గీత లేదు. బ్యాటరీ ఉబ్బలేదు. ఛార్జింగు పిన్ను వదులవలేదు. కొట్టతను అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉందండి. పోయిందండి," అంటాడు.

"బాగుంటే పోవడమేంటయ్యా?"

"ఆయ్, దీనికే రోగం లేదండి. కంపెనీవోడు అప్‌డేట్లు ఆపేసేడండి. ఇంక బ్యాంకు యాపు ఎక్కదండి, పిల్లల క్లాసుల యాపు ఎక్కదండి. కొత్తది తీసేసుకోండి."

ఈ రోగం లేని చావు వెనక పెద్ద తతంగమే ఉంది. చిప్పు చేసినవాడు దానికి సాఫ్ట్‌వేర్ రాయడం ఆపేస్తాడు. చిప్పువాడు ఆపేశాడని ట్యాబువాడు ఆపేస్తాడు. పాత ఆండ్రాయిడ్‌కి రక్షణ లేదని యాపువాడు తలుపేసేస్తాడు. ఎవర్నడిగినా మీ భద్రత కోసమే అంటారు. పోనీ మన తంటాలు మనం పడి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుందామంటే ట్యాబుని మేల్కొలిపే బూట్‌లోడర్‌కి తాళం. డబ్బు మనది, తాళంచెవి వాళ్ళది.

పాపం, కాటన్ దొరకి వ్యాపారం తెలీదు. 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టేసి ఊరుకున్నాడు. అది నూరేళ్ళు దాటినా డెల్టాకి నీళ్ళిస్తూనే వచ్చింది. ఈ కాలపు తెలివే ఉంటే నాలుగేళ్ళకో నోటీసు పంపేవాడు: "మీ ఊరి కాలవ పాత మోడలు. ఇకపై దీనికి నీళ్ళు సపోర్టు చెయ్యబడవు. మీ చేల భద్రత దృష్ట్యా కొత్త కాలవ కొనుక్కోగలరు." ఊరూరా విగ్రహాలు లేచేవి కావు గానీ, షేరు ధర మాత్రం లేచేది.

ఇది ఏ ఒక్కరింటి గోలో అయితే సరిపెట్టుకుందుం. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్ పుట్టినరోజున, రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ ట్యాబుల పంపకం మొదలెట్టింది. 5 లక్షలకు పైగా శాంసంగ్ ట్యాబులు, 686 కోట్ల రూపాయలు, లోపల బైజూస్ పాఠాలు. ఆ పిల్లలు 2024 జూన్‌లో పదో తరగతి మెట్టెక్కారో లేదో, జూలై 16న బైజూస్ మాతృసంస్థ దివాలా విచారణ మెట్టెక్కింది. ట్యాబు కన్నా ముందు పంతులికే సపోర్టు ఆగిపోయింది! పాఠాలు మెమరీ కార్డులోకి ముందే ఎక్కించారు కాబట్టి బతికిపోయాయి. ట్యాబులు పంచిన తేదీ రాష్ట్రమంతటికీ తెలుసు. అప్‌డేట్లు ఆగే తేదీ ఏ తండ్రికి తెలుసు? పైగా కంపెనీల లెక్క మామూలుగా మోడలు బజారులోకి వచ్చిన నాడే మొదలవుతుంది, పిల్లాడి చేతికందిన నాడు కాదు. ఆలస్యంగా అందుకున్నవాడికి ఆయుష్షు కరిగిన సరుకే గతి.

చిత్రమేమిటంటే, ఆ పంపకం మొదలైన మూడు రోజులకే, డిసెంబరు 24న, కేంద్రం ఢిల్లీలో "రైట్ టు రిపేర్" పోర్టల్ తెరిచింది. రిపేరు మన హక్కేనట. మంచిదే. మీ పాత ట్యాబులో ఆ పోర్టల్ తెరుచుకుంటే మీరు అదృష్టవంతులు.

హక్కంటే ఏమిటో యూరప్‌లో చూడాలి. అప్‌డేట్లు పంపి ఫోన్లని నీరసింపజేసినందుకు ఇటలీ 2018లో యాపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్త నిబంధనలొచ్చాయి. ఫోనుకైనా ట్యాబుకైనా, ఆ మోడలు అమ్మకం ఆగిపోయాక కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఉచితంగా అందాలి, విడిభాగాలు ఏడేళ్ళు దొరకాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఫోన్లకి భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో ముందే చెప్పి తీరాలి. పారిస్ పిల్లాడికి చట్టం అండ. పాలకొల్లు పిల్లాడికి కంపెనీ దయ, మన ప్రాప్తం.

ఇవాళ కాకపోతే రేపు, ఇంకెవరి పుట్టినరోజుకో మళ్ళీ ట్యాబులు పంచుతారు. పార్టీ ఏదైనా అభ్యంతరం లేదు. టెండరులో రెండే రెండు షరతులు రాయండి. అప్‌డేట్లు ఆగే తేదీ పెట్టె మీద తెలుగులో, నాయకుడి ఫొటో ఎంత ఉంటే అంత, అచ్చెయ్యాలి. ఆ తేదీ వచ్చిన నాడు బూట్‌లోడర్ తాళం తీసి వెళ్ళాలి. ఇవి కుదరవంటారా, అయితే బిల్లు మీద అమ్మకం అని రాయడం మానేసి అద్దె అని రాయండి. అద్దె సరుక్కి ఎంత బేరమాడాలో పాలకొల్లు బజారుకి ఒకరు నేర్పక్కర్లేదు.