నెక్స్ట్ అంటే గిట్టని మనిషి

కాపురం షార్జాలో, ఆఫీసు దుబాయ్‌లో. ఈ ప్యాకేజర్ గారి ఉద్యోగమంతా ఒక్కటే: కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, కంపెనీలోని కంప్యూటర్లన్నిటిలోకీ ఎవరినీ ఏమీ అడక్కుండా దిగిపోవాలి. తెర మీద ‘నెక్స్ట్’ బటన్ కనిపిస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది.

వచ్చిన ఎంఎస్‌ఐ ఇన్‌స్టాలర్ ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కించడం ఆయన దృష్టిలో అనాగరికం. ముందు ఓర్కాలో తెరుస్తాడు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఈ పనిముట్టులో ఇన్‌స్టాలర్ కడుపులోని టేబుళ్లన్నీ బయటపడతాయి. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ పీకేస్తాడు, ఆటో అప్‌డేట్ ఆపేస్తాడు, లైసెన్సు ఒప్పందానికి అందరి తరఫునా తనే తలూపేస్తాడు. అసలు ఫైలును మాత్రం ముట్టుకోడు. మార్పులన్నీ పక్కన ఎంఎస్‌టీ ఫైలులో పెడతాడు. కమాండుకు స్లాష్ క్యూఎన్ తగిలించాక చీమ కూడా చిటుక్కుమనదు.

ఈ ఎంఎస్‌ఐలను నడిపే, 1999లో ఆఫీస్ 2000తో పాటు వచ్చిన విండోస్ ఇన్‌స్టాలర్ ఆయన ఇలవేల్పు. ఎగ్జీ ఫైళ్లతోనే పేచీ. ఇన్నో సెటప్‌తో కట్టిన ఎగ్జీకి ‘వెరీసైలెంట్’ అని చెప్పాలి; ఉత్త ‘సైలెంట్’ అంటే ప్రోగ్రెస్ బార్ చూపించి తీరుతుంది. ఎన్‌ఎస్‌ఐఎస్‌తో కట్టినదానికి పెద్ద ఎస్సే కావాలి. చిన్న ఎస్ పెడితే పలకరింపు తెర లేస్తుంది. సిస్టమ్ అకౌంట్ కింద లేచిన ఆ తెర ఏ కంటికీ ఆనదు; ఎవరో వచ్చి ‘నెక్స్ట్’ నొక్కుతారని చీకట్లో ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇలాంటి కేసు దొరికిన రోజు ఆయన భోజనానికి లేవడు.

ఇంట్లోనూ ఎర్రర్ కోడ్‌ల కాపురమే. “ఏమండీ, రౌటర్ బాగుచేశారా?” అంటే “3010”. అంటే అయింది గానీ, ఆపి మళ్లీ వెయ్యాలి. క్రికెట్ చూస్తుండగా చెత్త పారేయమంటే “1618”: ఇంకో ఇన్‌స్టలేషన్ నడుస్తోంది, అదయ్యాక రండి. పెసరట్టు మాడితే “1603”. ఘోర వైఫల్యం, కారణం ఆ కోడ్ ఎప్పుడూ చెప్పదు, వాళ్లావిడా చెప్పదు.

ఒకప్పుడు ఎమిరేట్స్‌లో శుక్ర, శనివారాలు సెలవు. గురువారం రాత్రి ప్యాకేజీ వదిలితే, బెడిసికొట్టినా సర్దుకోవడానికి రెండు రోజులుండేవి. 2022 జనవరి నుంచి సెలవు శని, ఆదివారాలకు మారింది. ఆయన డిప్లాయ్‌మెంట్ శుక్రవారానికి జరిగింది. షార్జా బడులకు మాత్రం శుక్రవారమూ సెలవే.

సరిగ్గా ప్యాకేజీ వదిలే వేళకు ఇంటి నుంచి ఫోను. “పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్నారు. మీ క్యూఎన్ ఏదో వీళ్లకు పెట్టకూడదూ?”

“వాళ్లు ఎంఎస్‌ఐలు కాదోయ్, ఎగ్జీలు. ఒక్కోడికి ఒక్కో స్విచ్చు.”