లక్షలాటల పద్యం: 'రీసెట్టు దీపిక' అను టీకా తాత్పర్య సహితము

అవతారిక

మెదక్ సీమలోని కొలిచెలమ వాడు, అంటే ఇప్పటి కొల్చారం వాడు, మల్లినాథ సూరి. కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. హైదర్‌గూడ వాస్తవ్యుడైన ఈ టీకాకారుడు మొదటి మాటకు కట్టుబడతాడు. రెండోదానికి కూడా కట్టుబడితే ఈ వ్యాసం ఉండదు.

వ్యాఖ్యకు దొరికిన వస్తువు సజ్జ మీద సర్దుతుంటే బయటపడ్డ ఒక టీవీ గేము క్యాసెట్టు. దాని మీద '9999999 ఇన్ 1' అని అచ్చు. తొంభైల్లో సమురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో కోఠీ గుజరాతీ గల్లీ నుంచి మన ఇళ్లకు నడిచొచ్చిన డబ్బాల వంశం వెతుక్కుంటూ పోతే, 1983 జూలై 15న జపాన్‌లో నింటెండో అమ్మకానికి పెట్టిన ఫామికామ్ దగ్గర ఆగుతాం. పద్యం నాదే, టీకా నాదే. అయినా కవికీ వ్యాఖ్యాతకూ ఒకచోట పొసగలేదు. ఆ గొడవ తర్వాత వస్తుంది.

మూలము (ఆటల సంగతి గనక ఆటవెలది)

లక్షలాటలనుచు లావుగా వ్రాసిన
క్యాసెటందు వెదకఁ గానరావు
పదియె యాటలచటఁ బదపడి వచ్చును
బోర్డు గేములందుఁ బోల్పఁ గలవు

ప్రతిపదార్థం

లక్షలు + ఆటలు + అనుచు = తొంభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు గలవని; లావుగా = దుకాణం అద్దం అవతలి నుంచి కూడా కనబడేలా; వ్రాసిన = అచ్చొత్తిన (ఒత్తినవాడి పేరు ఎక్కడా లేదు; అపౌరుషేయమని కొందరు); క్యాసెటు + అందు = ఊదితే గాని పలకని ఆ ప్లాస్టిక్ డబ్బీలో; వెదకన్ = మెనూలో పేజీ వెంబడి పేజీ తిప్పి చూడగా; కానరావు = ఆ లక్షలు కంటబడవు; అచటన్ = ఆ పట్టికలో; ఆటలు = కాంట్రా, మారియో, ట్యాంకు, డక్ హంట్ మొదలైనవి; పదియె = పది మాత్రమే; పదపడి = మళ్లీ మళ్లీ, పేరొకటి, స్టేజీ ఒకటి మార్చుకుని; వచ్చును = దర్శనమిచ్చును; అందున్ = వాటి నడుమనే; బోర్డు గేములు = పలక మీద కాయలు పెట్టి ఆడే ఆటలు; పోల్పన్ = గుర్తుపట్టగా; కలవు = ఉన్నవి.

తాత్పర్యం

డబ్బీ మీద లక్షలని ఉంది. లోపల పదే ఉన్నాయి. ఆ పదింటి మధ్య ఎవరూ నొక్కని బోర్డు గేములు కూడా ఉన్నాయి.

పాఠాంతరం

'పోల్పఁగలవు' అని ఒకే మాటగా చదివి 'నీవే గుర్తుపట్టగలవు' అని చెప్పేవారున్నారు. ఇది నారాయణగూడ గల్లీల్లో గంటల లెక్కన ఆడించిన గేమ్ షాపుల సంప్రదాయం. "అన్నా, ఇండ్ల చెస్ ఉన్నదా?" అని అడిగిన పిల్లాడికి, "ఉంటది తమ్మీ, దేవులాడుకో. లేకుంటే కాంట్రా వెట్టుకో, టైమైతాంది" అని జవాబు. టైము తనది కాదు, పైసలు తనవి కావు గనక ఆ అన్న పాఠం నిర్మమమైనది. గ్రాహ్యమే.

విశేషాలు

'క్యాసెటందు': ఊదడం ఎందుకని పూర్వపక్షం. ప్రాణప్రతిష్ఠ అని ఒక మతం. క్యాసెట్టు తీసి మళ్లీ గుచ్చడం వల్ల లోపలి పిన్నులు సరిగ్గా ఆనేవి, మన నోటి తడి వల్ల తుప్పే మిగిలేది అని సిద్ధాంతం. ఊదొద్దని నింటెండో వారూ చెప్పారు. ఎవరు విన్నారు?

'బోర్డు గేములు': ఈ మాట దగ్గర కొంచెం నిలబడాలి. ఫామికామ్ బజారులోకి వచ్చిన ఆరు వారాలకే, 1983 ఆగస్టు 27న, 'మాజాంగ్', 'గోమోకు నరాబె రెంజు' అని రెండు పలక ఆటలు దాని మీదికి వచ్చాయి. 'సూపర్ మారియో బ్రదర్స్' రావడానికి ఇంకా రెండేళ్లుంది. ఇందులో వింతేమీ లేదు. 1889లో క్యోటోలో నింటెండో మొదలైంది హనాఫుదా పేకముక్కలు చేయడానికి. మాజాంగ్ అంటే చైనా బిళ్లల ఆట. గోమోకు అంటే నల్ల తెల్ల రాళ్లు పెట్టుకుంటూ పోయి ఐదింటిని ఒకే వరసలో కలిపేది. ఇవే తర్వాత లక్షల క్యాసెట్టుల్లోకి ఎక్కాయి. మన పిల్లలు పొరపాటున వాటిని నొక్కేవారు. తెర నిండా చైనా అంకెలున్న బిళ్లలు ప్రత్యక్షమయ్యేవి. వెంటనే వేలు ఒక బొత్తాం మీదికి పోయేది. ఈ వ్యాఖ్యకు ఆ బొత్తాం పేరే పెట్టాను.

పలకను తెర మీదికి ఎక్కించడం అనుకున్నంత సులువు కాదు. 1979లో అటారీ 2600 అనే గేము యంత్రానికి 'వీడియో చెస్' చేశారు. ఆ యంత్రానికి ఉన్న పనిచేసే మెమరీ మొత్తం 128 బైట్లు. చదరంగానికి గళ్లే 64. ఒక వరసలో ఆరు బొమ్మలకు మించి మామూలుగా చూపలేని యంత్రం మీద ఎనిమిది పావులు నిలబెట్టాలి. బాబ్ వైట్‌హెడ్ అనే ఆయన ఒక గీతలో సగం పావులు, తర్వాతి గీతలో మిగతా సగం గీయించి గట్టెక్కాడు. అందుకే ఆ గుర్రాలు కిటికీ చెక్కల సందుల్లోంచి చూసినట్టు చారలు చారలుగా ఉంటాయి. పైగా దాని ప్రాసెసరు బొమ్మను గీత గీతకూ తానే దగ్గరుండి గీయించాలి. వంట మనిషే వడ్డన మనిషి కూడా అయినట్టు. ఎత్తు ఆలోచించాల్సి వస్తే గీయడం ఆపేసేది, అంతసేపూ పలక మాయమై రంగులు మారుతూ ఉండేవి. ఎదుటివాడు ఆలోచిస్తున్నప్పుడు పలకే కనబడని చదరంగం అది.

ఫామికామ్ ఇంకాస్త కలిగిన ఇల్లు. మెమరీ 2 కిలోబైట్లు. కదిలే బొమ్మలు, అంటే స్ప్రైట్లు, తెర మొత్తం మీద 64. కానీ ఒక అడ్డగీతలో ఎనిమిదే కనిపిస్తాయి, తొమ్మిదోది మాయం. పావు ఒక్కోటి రెండు స్ప్రైట్ల వెడల్పు అనుకుంటే ఒక వరస బలగానికే పదహారు కావాలి. కాబట్టి పావుల్ని గోడ మీది బొమ్మల్లా నేపథ్యంలో గీసేసి, కర్సరు ఒక్కదాన్నే స్ప్రైట్‌గా తిప్పడం మేలు. కాంట్రాలో తూటాలు ఎగరడానికి పుట్టిన సదుపాయమంతా చదరంగంలో ఒక్క కర్సరుకు దక్కుతుంది.

యంత్రం మీదికి ఎక్కినప్పుడు రాలిపోయినవీ ఉన్నాయి. 1991లో మొనోపొలీని నింటెండో క్యాసెట్టుగా తెచ్చారు. మనం 'బిజినెస్' అని ఆడిందానికి అసలు అదే. యంత్రం పాచిక వేస్తుంది, అద్దె వసూలు చేస్తుంది, బ్యాంకు తానే నడుపుతుంది. దాంతో, బ్యాంకరుగా కూర్చుని వంద నోట్లు మోకాలి కింద దాచే పెద్దన్నయ్యకు ఉపాధి పోయింది. ఆట ధర్మబద్ధమైందని ఒప్పుకుంటాను, బాగుపడిందని మాత్రం ఒప్పుకోను. ఇంకోటి, ఇద్దరికీ తెర ఒకటే గనక చేతిలో ముక్కలు దాచుకునే ఆటలు ఇందులో ఇమడవు. నింటెండో మాజాంగ్ ఆ చిక్కును తెలివిగా దాటింది. ఎదుట యంత్రాన్నే కూర్చోబెట్టింది. యంత్రం ముక్కలు తొంగిచూడదని మన నమ్మకం.

అలంకారం

ఇక కవితో గొడవ. లక్షలున్నాయని మొదటి పాదం, లేవని రెండోది, పదేనని మూడోది. ఇది దోషమా? కవి దీన్ని ఉత్త ఎగతాళిగానే రాశాడు. తన పద్యంలో ఏముందో అతనికి తెలియలేదని వ్యాఖ్యాత మతం. ఇది విరోధాభాసాలంకారం. పైకి విరోధం, లెక్క వేస్తే అది తొలగిపోతుంది.

ఆ గోమోకు రెంజు పలకకు అడ్డం 15, నిలువు 15 గీతలు, కూడళ్లు 225. నియమాల పట్టింపు లేకుండా ఆడితే మొదటి రాయికి 225 చోట్లు, రెండోదానికి 224, మూడోదానికి 223. గుణిస్తే 1,12,39,200. అంటే ముచ్చటగా మూడు రాళ్లు పడేసరికి డబ్బీ మీది అంకె దాటిపోయింది. చదరంగంలో అయితే రెండు పక్షాలూ మూడేసి ఎత్తులు వేసేసరికి ఆట నడిచే దారులు 11,90,60,324. కాబట్టి ఆ డబ్బీ మీద అబద్ధం లేదు. ఉన్నదానికన్నా తక్కువే అచ్చు వేశారు. లక్షలన్నీ మనం రీసెట్టు కొట్టిన ఆ ఒక్క పేరులో ఉన్నాయి. నాలుగో పాదాన్ని కవి ఏదో యతి కుదిరిందని వేసుంటాడు, పద్యానికి ప్రాణం మాత్రం అదే.

విన్నపం

మన పులి-మేక ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు, 23 కూడళ్లు. ఒక్కో కూడలి ఖాళీ, పులి, మేక అని మూడు స్థితుల్లో ఏదో ఒకటి. రెండేసి బిట్లు చాలు, మొత్తం పలక ఆరు బైట్లలో పడుతుంది. అటారీ వారి 128లో పెట్టినా ఇంకా 122 మిగులుతాయి. గవ్వలు లేవు, దాచుకునే ముక్కలు లేవు, ఒక తెర ముందు ఇద్దరు కూర్చుంటే సరిపోయే ఆట. ఆ పాత ప్రాసెసరుకు ఈ రోజుల్లో కూడా ప్రోగ్రాములు రాయడానికి సీసీ65 అనే కంపైలరు ఉచితంగా దొరుకుతుంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్ పుస్తకాల మధ్య కూర్చున్న ఇంజినీరింగ్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అశోక్‌నగర్ గదుల్లో నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాళ్లూ, మీలో ఎవరైనా ఇది రాసి క్యాసెట్టులో పెట్టండి. మేకల పక్షాన ఆడి చూసే బాధ్యత ఈ టీకాకారుడిది.