గగుర్పాటు నుంచి గ్రూప్-1 దాకా: ఏడు అమోఘమైన చిట్కాలు

అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో ఎవరో గ్రూప్-1 టాపర్ ఇంటర్వ్యూ చూశారు. ఆయనా మీలాగే హైదరాబాద్ అడిక్‌మెట్‌లో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉన్నాడట, మీలాగే మెస్‌లో నీళ్ళ చారు తిన్నాడట. మీ ఒళ్ళు గగుర్పొడిచింది. ఈ గగుర్పాటు తెల్లారేసరికి దిగిపోతుంది. ఆలోపే దాన్ని పకడ్బందీ ప్రణాళికగా మార్చేయాలి. అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ గల్లీల్లో ఎన్నో బ్యాచ్‌లు ఆచరించి చూసిన పద్ధతులివి. ఫలితం గ్యారంటీ. ఏ ఫలితమన్నది మాత్రం అడగకండి.

1. చదవడానికి ముందే చాటింపు వేయండి

ఆ రాత్రే వాట్సాప్ స్టేటస్‌లో ఎర్రబుగ్గ కారు బొమ్మ పెట్టండి. ఆ బుగ్గలు 2017 మే 1 నుంచే తీసేశారు కదా అని ఎవడైనా గుర్తుచేస్తే వాణ్ణి బ్లాక్ చేయండి. తెల్లారేసరికి మేనమామలు, చిన్నమ్మలు, పదో తరగతి దోస్తులు అందరూ ‘కాబోయే డిప్యూటీ కలెక్టర్ గారికి’ శుభాకాంక్షలు పంపుతారు. ఉద్యోగం వస్తే కలిగే సంతోషంలో సగం అక్కడే చేతికొచ్చేసింది. మిగతా సగానికి అంత తొందరేముంది?

2. మనుషులకు సాధ్యంకాని టైంటేబుల్ వేయండి

తెల్లవారుజామున 4 నుంచి రాత్రి 11 దాకా. ఆరు రంగుల స్కెచ్ పెన్నులు వాడండి. బట్టలు ఉతుక్కోవడం, జలుబు, నల్లా రాని రోజు, చెల్లెలి పెళ్ళిచూపులు అందులో కనబడకూడదు. మొదలుపెట్టడం సోమవారమే. సోమవారం తప్పిపోతే మంగళవారం నాడు మొదలుపెట్టేంత అమాయకత్వం పనికిరాదు, మళ్ళీ సోమవారం దాకా ఆగండి. ఆ వారంలో అమావాస్య పడితే ఇక ఒకటో తారీఖే. రోజుకు నాలుగు గంటలు, కానీ రోజూ, అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళవి చిన్న కలలు, పట్టించుకోకండి.

3. మెటీరియల్ చదవడానికి కాదు, పోగేయడానికి

పాలిటీకి లక్ష్మీకాంత్ ఒక్కటే ఎట్లా సరిపోతుంది? తెలుగు అకాడమీ పుస్తకం, మూడు కోచింగ్ సెంటర్ల రన్నింగ్ నోట్సు, గది ఖాళీ చేస్తూ సీనియర్ అన్న వదిలేసిన జిరాక్సు కట్ట, అన్నీ కావాలి. ఆర్టికల్ 32ను ఐదు పుస్తకాల్లో ఐదు రంగులతో అండర్‌లైన్ చేస్తే, అది దేని గురించో గుర్తుండకపోయినా ఏ పుస్తకంలో ఏ రంగులో ఉందో గుర్తుంటుంది. ఒకే పుస్తకాన్ని ఐదుసార్లు తిరగేయడం పిసినారి పద్ధతి. జిరాక్స్ సెంటర్ ముందు గంటసేపు లైన్లో నిలబడి గదికి వస్తే ఒళ్ళు ఎంత అలిసిపోతుందో! అంత అలసటను చదువని కాక ఇంకేమంటారు?

4. పాత ప్రశ్నపత్రాల జోలికి పోకండి

వాటిని చూస్తే మనకు ఏం రాదో తెలిసిపోతుంది. ప్రేరణకు అంతకంటే శత్రువు లేదు. ప్రిలిమ్స్ అంటే 150 బిట్లు, బబుల్ చేస్తే సరి. మెయిన్స్ అట్లా కాదు. అర్హత కోసం ఇంగ్లీషు, ఆపైన ఆరు పేపర్లు. ఒక్కోటి 150 మార్కులు, మూడు గంటలు, అంతా చేత్తో రాయాల్సిందే. 2024లో ప్రిలిమ్స్ జూన్ 9న, మెయిన్స్ అక్టోబర్ 21 నుంచి 27 దాకా జరిగాయి. నాలుగున్నర నెలలు కూడా లేవు. కాబట్టి ప్రిలిమ్స్ ఫలితం వచ్చేదాకా పెన్ను ముట్టకండి. ఆరో పేపర్ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. 1969 ఉద్యమం గురించి గంటసేపు మాట్లాడగలరు కదా, చాలు. మూడు పేజీలు రాసి చూసుకుంటే మాట్లాడినంత తేలిగ్గా రాదని బయటపడుతుంది. ఆ సంగతి పరీక్ష హాల్లో తెలియడమే మర్యాద.

5. ప్రకటించిన తేదీ బ్రహ్మరాత

తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. అక్టోబర్ 16న జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ పెట్టారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషనే పోయి 563 పోస్టులతో కొత్తది వచ్చింది. 783 గ్రూప్-2 పోస్టులకు 2022 డిసెంబర్‌లో ప్రకటన వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. ఇందులో గదుల్లో కూర్చుని చదివినవాళ్ళ తప్పు ఆవగింజంత లేదు, అద్దె కట్టింది మాత్రం వాళ్ళే. ఇంత చరిత్ర తెలిసీ మీరు మాత్రం నాయిన ఇచ్చిన డబ్బును సరిగ్గా పరీక్ష తేదీ దాకానే లెక్కేసుకోండి. వాయిదా పడితే ఎట్లా అని ఆలోచించడం అపశకునం. పడితే ధర్నాచౌక్ ఇందిరాపార్క్ దగ్గరే ఉంది, ఆటో కిరాయి కూడా దండగ కాదు.

6. లెక్కలన్నీ టీ బండి దగ్గరే తేల్చండి

కటాఫ్ ఎంత, కీలో ఏ బిట్టు తప్పు, ఏ శాఖలో ఎన్ని ఖాళీలు, ఇవి సాయంత్రం ఐదింటికి మొదలుపెడితే రాత్రి మెస్ మూసే వేళకు ఒక కొలిక్కి వస్తాయి. 2024 గ్రూప్-1కు 4 లక్షల మందికి పైగా దరఖాస్తు చేస్తే సుమారు 3 లక్షల మంది ప్రిలిమ్స్ రాశారు, 31 వేల మందికి పైగా మెయిన్స్‌కు అర్హత సాధించారు. పోస్టులు 563. ఈ అంకెలు ఎదుటివాడి గురించి చెప్పేటప్పుడే వాడండి. మీ మీద ప్రయోగిస్తే రెండో దారి చూసుకోవాలన్న పాడు బుద్ధి పుడుతుంది.

7. గడువు పెట్టుకోకండి

‘ఇంకెన్ని రోజులు బిడ్డా?’ అని నాయిన ఫోన్లో అడిగితే ‘నోటిఫికేషన్ పడనీ నాయినా’ అనండి. పడ్డాక అడిగితే ‘రిజల్ట్ రానీ’ అనండి. ఇన్ని అటెంప్టులు, ఇంత డబ్బు, ఆ తర్వాత ఫలానా పని అని కాగితం మీద రాసి ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకున్నవాళ్ళు పిరికివాళ్ళు. కాకపోతే ఆ పిరికివాళ్ళకు రాత్రిళ్ళు నిద్ర బాగా పడుతుందని వినికిడి.

ముఖ్య హెచ్చరిక

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వైపు వెళ్ళాల్సి వస్తే జాగ్రత్త. అక్కడ కొందరుంటారు. టాపర్ ఇంటర్వ్యూ వాళ్ళూ చూసే ఉంటారు, వాళ్ళకూ ఒళ్ళు గగుర్పొడిచే ఉంటుంది. కానీ మర్నాడు, అది ఏ వారమైనా సరే, సిలబస్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చి కూర్చుంటారు. పాత పేపర్లోంచి ఒక్క ప్రశ్న తీసుకుని జవాబు రాస్తారు, పక్కవాడికిచ్చి దిద్దించుకుంటారు, తిట్లు తింటారు, మళ్ళీ రాస్తారు. వీళ్ళకు స్టేటస్ ఉండదు, స్కెచ్ పెన్నులుండవు. ఎవరికీ ఏమీ చెప్పరు, అదొక దుర్గుణం.

అసలు మన కష్టాలన్నిటికీ కారణం వీళ్ళే. వీళ్ళు లేకపోతే ఆ 563 పోస్టులూ మన టీ బండి దగ్గరే పంచేసుకునేవాళ్ళం.